పెద్దయ్యాక సున్తీ: కత్తికి ముందు షుగరు చూడండి

హైదరాబాద్ మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో కూర్చుని ఫోన్‌లో ఒక్కసారి ‘తోలు వెనక్కి రావడం లేదు’ అని వెతికితే చాలు, ఆ సాయంత్రం నుంచే ప్రకటనలు వెంటపడతాయి. లేజర్ సున్తీ, ఇరవై నిమిషాల పని, నొప్పి లేదు, కుట్లు లేవు, శుక్రవారం చేయించుకుని సోమవారం లాగిన్ అవ్వొచ్చు. ఆపరేషన్ చిన్నదే, అనుభవమున్న చేతుల్లో సురక్షితమైనదే. అంతవరకు అబద్ధం లేదు. ప్రకటనలో రాయనిది మాత్రం ఒకటుంది. పాతికేళ్లపాటు మామూలుగా ఉన్న తోలు, ముప్పై దాటాక కొత్తగా బిగుసుకుంటోందంటే ముందు చేయించుకోవాల్సింది రక్తపరీక్ష.

మగపిల్లవాడు పుట్టినప్పుడు అంగం మీది ముందుతోలు లోపలి గుబ్బకు అతుక్కునే ఉంటుంది. పెరిగేకొద్దీ దానంతటదే విడిపోతుంది. డెన్మార్క్ వైద్యుడు యాకబ్ ఓస్టర్ బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో ప్రచురించిన లెక్కల్లో, పదహారు పదిహేడేళ్లు వచ్చేసరికి తోలు బిగుతుగా మిగిలినవారు నూటికి ఒక్కరే. పిల్లవాడికి స్నానం చేయిస్తూ తోలును బలవంతంగా వెనక్కి లాగే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి. అలా లాగితే చిరిగి, మచ్చకట్టి, లేని బిగుతు వస్తుంది.

పెద్దవాళ్లలో కొత్తగా వచ్చే బిగుతు కథ వేరు. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటితే మూత్రంలోకి దిగుతుంది. మూత్రం పోశాక తోలు కింద నిలిచే ఆఖరి చుక్కలో చక్కెర ఉంటుంది, అక్కడ వెచ్చదనం, తడి ఎలాగూ ఉన్నాయి. క్యాండిడా అనే ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? మొదట దురద, ఎర్రదనం, పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత. తర్వాత తోలు అంచున నిలువుగా సన్నటి పగుళ్లు. ప్రతి పగులూ మానేటప్పుడు కాస్త మచ్చ వదులుతుంది, మచ్చకు సాగే గుణం ఉండదు. మళ్లీ వెనక్కి లాగితే మళ్లీ పగులుతుంది. కొన్ని నెలలు ఇలా జరిగితే తోలు అంచు గట్టి ఉంగరంలా తయారవుతుంది. దీన్నే డాక్టర్లు ఫైమోసిస్ అంటారు. షుగరు ఉందని తెలియని మనిషికి ఆ వార్త మొదట ఇక్కడి నుంచే అందడం యూరాలజిస్టులకు కొత్త కాదు.

ఐటీ కారిడార్‌లో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన కారణముంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం, 34 శాతం మందికి షుగరుకు దారితీసే మెటబాలిక్ సిండ్రోమ్. అంటే షుగరు వాకిట్లో నిలబడి ఉన్నవారు, గడప దాటినవారు ఆ టవర్లలో కొల్లలు. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష 6.5 శాతం లేదా అంతకంటే ఎక్కువ చూపిస్తే డయాబెటిస్ కిందే లెక్క. ఆ సంగతి తేలకుండా కోత పెట్టించుకుంటే పుండు మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ముప్పూ పెరుగుతుంది. ఆపరేషన్ అయిపోయింది కదా అని అసలు జబ్బును మరిచిపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

షుగరు మందు వాడుతున్నవారికి ఇంకో సంగతి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కోవకు చెందిన మాత్రలు పనిచేసే పద్ధతే అది: మూత్రపిండాలు చక్కెరను వెనక్కి పీల్చుకోనివ్వకుండా మూత్రంలోకి తోసేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలుచేసే మంచి మందులే. మన దేశంలో మొదటిదాని పేటెంట్ 2020లో, రెండోదాని పేటెంట్ 2025లో ముగిశాక ధర బాగా దిగి, వాడకం పెరిగింది. వీటికున్న పేరుపడ్డ దుష్ఫలితం జననాంగాల దగ్గర ఫంగస్. మాత్ర మొదలైన కొద్ది వారాలకే దురద మొదలైతే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి. తోలు వెనక్కి జరిపి నీళ్లతో కడిగి, ఆరేలా తుడుచుకోవడం చాలామందికి సరిపోతుంది. సబ్బు, డెట్టాల్ వద్దు, అవి మంట పెంచుతాయి.

ఇక కోత ఎప్పుడు? సుశ్రుత సంహితలో ఈ బిగుతు జబ్బు ‘నిరుద్ధప్రకశం’ పేరుతో ఉంది. అందులో మొదట చెప్పిన వైద్యం, రెండు వైపులా తెరిచి ఉన్న ఇనుప గొట్టాన్నో కొయ్య గొట్టాన్నో నెయ్యి రాసి తోలు రంధ్రంలో ఉంచడం, మూడేసి రోజులకోసారి ఇంకాస్త లావు గొట్టం మార్చుతూ దారి పెంచడం. కత్తి మాట ఆ తర్వాతే వస్తుంది. నేటి వైద్యమూ వరస మార్చలేదు. గొట్టం బదులు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వచ్చింది. బీటామెథసోన్ లాంటిదాన్ని బిగుసుకున్న అంచు మీద పలచగా రాస్తూ, నొప్పి రానంతవరకే రోజూ మెల్లగా సాగదీస్తూ, నాలుగు నుంచి ఎనిమిది వారాలు చూస్తారు. మచ్చ కట్టని బిగుతు చాలావరకు దీనికి లొంగుతుంది. అయితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు కాదిది. ఫంగస్ ఉండగా ఒట్టి స్టెరాయిడ్ రాస్తే అది ఇంకా చెలరేగుతుంది. కొందరికి తోలు బాగానే ఉంటుంది, కింద ఉండే సన్నని కండదారమే పొట్టిగా ఉండి లాగుతుంది. దాన్ని ఒక్కటే సరిచేస్తే చాలు, తోలంతా తీయనక్కర్లేదు.

అంచు తెల్లగా, గట్టిగా, కాగితంలా మారితే మాత్రం ఆలస్యం చేయకూడదు. అది లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. మూత్రద్వారం దాకా పాకి దారి మూసేయగలదు, ఆయింట్‌మెంట్‌తో ఆగనప్పుడు సున్తీయే సరైన వైద్యం. మందులు వాడినా తిరగబెడుతున్న ఇన్‌ఫెక్షన్లు, మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బడం, వెనక్కి వెళ్లిన తోలు పదేపదే అక్కడే ఇరుక్కోవడం, ఇవన్నీ కోతకు న్యాయమైన కారణాలు. తోలు కింద కనిపించకుండా పుండు, గడ్డ ఉంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. అందుకే అనుమానముంటే తీసిన తోలును బయాప్సీకి పంపమని అడగండి.

వెనక్కి జరిపిన తోలు ముందుకు రాక, గుబ్బ వాచి నీలం తిరుగుతుంటే అది అత్యవసరం. తెల్లవారేదాకా ఆగకూడదు. గుబ్బను గుడ్డతో పట్టుకుని కొన్ని నిమిషాలు గట్టిగా, ఆగకుండా నొక్కితే వాపు తగ్గి తోలు ముందుకు జారవచ్చు. జారకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆసుపత్రిలో మూత్రం గొట్టం వేశాక తోలును తిరిగి ముందుకు జరపడం మరిచిపోతే పెద్దవయసు వారికి ఇదే జరగవచ్చు. నాన్నగారి మంచం పక్కన కూర్చున్న కొడుకులు ఇది గమనించాలి.

లేజర్ అన్న మాట వింటే మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. బోర్డు మీద లేజర్ అని ఉన్నా, లోపల వాడేది స్టాప్లర్ కావచ్చు: గంట ఆకారపు తొడుగు ఉన్న, ఒకసారి వాడి పారేసే పరికరం, ఒక్క నొక్కుతో తోలు కోసి చుట్టూ పిన్నులు వేస్తుంది. సమయం, రక్తస్రావం తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. కొందరికి పిన్నులు రాలక చర్మంలో ఉండిపోతే తీయించుకోవాలి. తోలు మచ్చకట్టి మందంగా ఉన్నప్పుడు చేత్తో కోసి, కరిగిపోయే కుట్లు వేసే పాత పద్ధతే మేలు. యంత్రం పేరు కంటే, చేసేది యూరాలజిస్టా, జనరల్ సర్జనా, ఇలాంటివి ఎన్ని చేశారు అన్నవి అడగదగ్గ ప్రశ్నలు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల యూరాలజీ విభాగాల్లో ఇది అతి మామూలు పని.

ఆ చోటు మొద్దుబారేలా సూది ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. మొదటి రెండు మూడు రోజుల నొప్పి మాత్రలతో సర్దుకుంటుంది. ఎవరూ ముందుగా చెప్పనిది తెల్లవారుజాము సంగతి. నిద్రలో దానంతటదే వచ్చే అంగస్తంభన కుట్లను లాగి లేపేస్తుంది. పడుకునే ముందు మూత్రం పోసుకోవడం, మెలకువ వస్తే లేచి నాలుగడుగులు వేయడం తప్ప మార్గం లేదు. బిగుతైన లోదుస్తులు వేసుకుని అంగాన్ని బొడ్డువైపు నిలిపి ఉంచితే వాపు తగ్గుతుంది. తోలు రక్షణ పోయిన గుబ్బ గుడ్డ తగిలినా జివ్వుమంటుంది, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి వారంలోపు వెళ్లొచ్చు. బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో బైకు మాత్రం రెండు వారాలు మానుకోండి. సంభోగం, హస్తప్రయోగం ఆరు వారాలు వద్దు.

శీఘ్రస్ఖలనం తగ్గుతుందని చేయించుకునేవారు డబ్బు వృథా చేసుకుంటున్నట్టే, అది దానికి వైద్యం కాదు. మగతనం తగ్గిపోతుందన్న భయమూ అలాంటిదే. కెన్యా, ఉగాండాల్లో వేలమందిపై జరిగిన పరీక్షల్లో లైంగిక సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ పరీక్షల్లోనే, దక్షిణాఫ్రికాలో జరిగిన మరోదానిలోనూ, స్త్రీ నుంచి పురుషుడికి హెచ్‌ఐవీ సోకే ముప్పు 60 శాతం దాకా తగ్గింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సున్తీని సిఫార్సు చేసింది హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న ఆఫ్రికా దేశాల కోసం. కండోమ్‌కు అది బదులు కాదు.

ఆరోగ్య బీమా పాలసీల్లో సున్తీకి సాధారణంగా ఒక షరతు ఉంటుంది: జబ్బుకు వైద్యంగా చేస్తేనే డబ్బు వస్తుంది. ఆ షరతు వల్లే కాగితం మీద ఫైమోసిస్ అన్న మాట తేలిగ్గా పడిపోయే వీలుంది. మొదటి సందర్శనలోనే ఆయింట్‌మెంట్ ఊసు, షుగరు ఊసు లేకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే ఇంకో డాక్టరుకు చూపించుకోండి. ఇక పెళ్లి కుదిరాకే ఈ విషయం గుర్తొచ్చేవాళ్లు చాలామంది. ఆయింట్‌మెంట్‌కు రెండు నెలలు, అది పనిచేయకపోతే కోత మానడానికి ఇంకో నెలన్నర పడుతుంది. ముహూర్తానికి నాలుగు నెలల ముందే వెళ్లండి.