బొంత మాన్పించకండి... కూర్చునే తీరు మార్చండి

తణుకు చుట్టుపక్కల ఊళ్లలో పాత చీరలు, పంచెలు పారేసే అలవాటు ఇంకా పూర్తిగా రాలేదు. నాలుగు మడతలు పరిచి, అంచు మడిచి, వరసగా కుట్టుకుంటూ పోతే వానాకాలానికి బొంత సిద్ధం. ఈ పని ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్లదే. బొటనవేలి మొదట్లో నొప్పి, మెడ పట్టేసిందంటూ ఓపీకి వచ్చేవాళ్లని 'ఈమధ్య ఏమైనా కుడుతున్నారా?' అని అడగడం నాకు అలవాటైపోయింది.

అలా వచ్చిన ఒక మామ్మగారికి డెబ్బై ఏళ్లు. బర్మాలో పుట్టారు. అక్కడ 1962లో సైన్యం అధికారంలోకొచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. మే 17న 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు తిరిగొచ్చేశారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్లని అక్కడ 'కోరంగీలు' అనేవారు. మామ్మగారు చిన్నపిల్లగా విశాఖ రేవులో దిగారు. ఏటా ఆ నెల రాగానే, వాళ్లమ్మ కట్టిన లుంగీల ముక్కలు కలిపి బొంత మొదలుపెడతారు. కుడుతూ ఏడుస్తారు. నిద్ర తగ్గుతుంది. 'అమ్మ చేత ఈ పని మాన్పించండి డాక్టరు గారూ' అన్నాడు కొడుకు.

నేను వద్దన్నాను. పెద్ద కష్టం జరిగిన తేదీ తిరిగొచ్చేసరికి దిగులు, నిద్రలేమి రావడాన్ని వైద్యంలో 'యానివర్సరీ రియాక్షన్' అంటారు. అదొక్కటే జబ్బు కాదు. చేతికి పని, పక్కన వినే మనిషి ఉంటే చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఇంట్లోవాళ్లు 'ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు' అనకుండా పక్కన కూర్చుని ఓడ కబుర్లు అడగాలి. అన్నట్టు, ఏడ్చిన వెంటనే బీపీ చూసి మాత్ర పెంచకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక చూడాలి. దిగులు రెండు వారాలు దాటినా, అన్నం సయించకపోయినా, బతకాలని లేదన్నా మానసిక వైద్యుడికి చూపించాల్సిందే. ఉచితంగా సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416.

ఇక ఒంటి సంగతి. నేల మీద మఠం వేసి, మెడ వంచి గంటలకొద్దీ కుడితే మోకాళ్లు, మెడ రెండూ మొరాయిస్తాయి. కుర్చీలో కూర్చుని బొంతను బల్ల మీదకి తెచ్చుకోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పొరలు పెరిగేకొద్దీ సూది లాగడానికి బొటనవేలి కీలు మీద భారం పడుతుంది, అందుకే మూడు పొరలతో ఆపేయడం మేలు. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంటే కళ్లు పరీక్ష చేయించుకోండి. శుక్లం ముదిరిందేమో తెలుస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు పెట్టెలోని పాత గుడ్డలు ఉతికి ఎండలో ఆరేశాకే ముట్టుకోవాలి.

షుగరు ఉన్నవాళ్ల ఇంట్లో ఇంకో జాగ్రత్త. వాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది, కింద పడ్డ సూది దిగినా తెలియదు. పుండు పడి చీము పట్టాక వస్తుంటారు. కుట్టడం ఆపగానే తీసిన సూదులన్నీ డబ్బాలోకి చేరాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా ఆ గదిలో చెప్పులు లేకుండా తిరగొద్దు.