పాటలో కొన్న జీపుకి కాయితం ఉందా?

పాత మిలిటరీ జీపుల అమ్మకాల మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా కావాలన్నారు ఎడిటర్‌గారు. టాపులేని జీపంటే నాకు మొదట్నుంచీ మక్కువ. అయినా ఈ కథనంలో బండి కన్నా ఒక కాయితమే ముఖ్యమనిపించింది. అది ఫారం 21.

దర్శిలోనైనా కురిచేడులోనైనా పాత జీపు బేరానికొస్తే ముందు బానెట్ ఎత్తుతారు. ‘ముందు కాయితాలు చూపించన్నా’ అనడమే మేలు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం సైన్యం వదిలేసిన బండిని రిజిస్టరు చేయించాలంటే అసలు అమ్మకపు ధ్రువపత్రం, అంటే ఫారం 21, ఉండాలి. కొత్త కారుకి డీలరు ఇచ్చే ఈ పత్రాన్ని, మిలిటరీ వేలంపాటలో కొన్న బండికి రక్షణశాఖ అధికారి సంతకం చేసి ఇస్తారు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, సిలిండర్లు, ఇంధనం, తయారైన నెల, సంవత్సరం, ఆఖరికి రంగు కూడా అందులో ఉంటాయి. మడ్డి తుడిచి, బండి మీది అంకెలను కాయితంతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా బేరం ఆపేయాలి.

ఆర్సీ ఉన్న బండిని పేరు మార్పించుకోవడానికి ఫారం 29, 30 కావాలి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు ఆర్టీవోకి తెలియజేయాలి.

అసలు చిక్కు డీజిల్ ఇంజన్‌తో వస్తుంది. పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజన్ మార్పించుకున్నవాళ్లు ఎందరో. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండికే ‘వీఏ’ అక్షరాల వింటేజ్ నంబరు దక్కుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు. ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు. పొలం పనికి బతికించుకున్న జీపుకి ఆ గౌరవం దక్కకపోవడం నాకు బాధగానే ఉంది. అలాగని డీజిల్ బండిని ‘ఒరిజినల్’ అని అమ్మడం మోసమే.

చరిత్ర క్లుప్తంగా: 1941–45 మధ్య విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1947లో మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. తర్వాత జబల్పూర్‌లో నిస్సాన్ నమూనాతో జోంగా అనే మిలిటరీ బండి వచ్చింది.

ఏ జీపో పోల్చుకోండి
యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ ముందు జాలీకి 9 గాళ్లు, తర్వాతి పౌర జీపులకి 7. ఎంబీకి స్టీరింగ్ ఎడమవైపు, పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద. బానెట్ బాగా ఎత్తుగా ఉంటే అది సీజే3బీ నమూనా జీపు. మిలిటరీ నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది, దాని పక్క రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న ఏడాదిని చెబుతాయి.

సైనికోద్యోగినంటూ ఫోన్లో గుర్తింపు కార్డు ఫొటో పంపి, చౌకగా ఇస్తానని అడ్వాన్స్ అడిగేవాళ్లున్నారు. బండినీ కాయితాన్నీ కళ్లారా చూడనిదే రూపాయి కూడా పంపకండి.