మొలకలోని పొటాసియము ద్వారములు

మొలకెత్తిన మొక్కజొన్న గింజను చీకటిలో అడ్డముగా పరుండబెట్టినచో, కొద్ది గంటలలో దాని కొన వంగి పైకి లేచుట మనమెరిగినదే. మొలకను పెంచు ద్రవ్యమగు ఆక్సిన్ క్రింది వైపునకు చేరుటయే ఇందులకు కారణమని చెప్పుదురు. కాని ఆక్సిన్ చేయునది ఆజ్ఞాపించుట మాత్రమే. కణము ఉబ్బుటకు నీరు కావలెను. ఆ నీటిని లోనికి లాగుటకు పొటాసియము కావలెను.

పొటాసియము కణపు పొరను తనంతట తాను దాటజాలదు. అందుకై పొరలో ప్రోటీనుతో నిర్మితమైన సన్నని ద్వారములు కలవు. ఇవి పొటాసియమును పోనిచ్చి, దానికంటె చిన్నదైన సోడియమును ఆపును! పొటాసియము తన చుట్టునున్న నీటిని విడిచి, ద్వారమునందలి ఆక్సిజన్ పరమాణువుల నడుమ సరిగా ఇముడును. సోడియము చిన్నదగుటచే వానిని అందుకొనలేదు. కావున నీటిని విడువదు, లోనికి దూరదు.

మొక్కలలో ఇట్టి ద్వారముల జన్యువులు 1992లో మొదటిసారి బయల్పడినవి. ద్వారములన్నియు ఒక్క తీరున నుండవు. వేరు వెలుపలి కణములలో ముఖ్యమైన ద్వారము లోనికి తెరచుకొనును. వేరు నడుమ, నీటిని పైకి కొనిపోవు దారువును ఆనుకొనియున్న కణములలో వెలుపలికి తెరచుకొను ద్వారమొకటి కలదని 1994లో వెగ్నర్, రాష్కే అనువారు బార్లీ వేళ్ళలో చూపిరి. ఇదియే లేకున్న, వేరు త్రాగిన పొటాసియము ఆకులకు చాలినంత చేరదు.

మొక్కజొన్న మొలకకు తిరిగి వత్తము. చిగురును కప్పియుండు తొడుగులో రెండు ద్వారములున్నట్లు 1999లో తెలిసినది. ఈనెలలోని ద్వారమునకు ఆక్సిన్‌తో నిమిత్తము లేదు. తక్కిన కణజాలములోని ద్వారము మాత్రము ఆక్సిన్ సోకగనే సంఖ్యలో పెరుగును. మొలకను పరుండబెట్టినప్పుడు, వంపు కంటికి కనబడక మునుపే దాని జన్యువు చురుకగును. మా దృష్టిలో ఈ కథలో మిక్కిలి సొగసైన ఘట్టమిదియే.

వెలుపలికి తెరచుకొను ద్వారములవలన చిక్కును కలదు. ఉప్పు నేలలో సోడియము వేరే త్రోవలను వేరులోనికి చొరబడగా, పొరపై విద్యుత్ పీడనము తగ్గి ఆ ద్వారములు తెరచుకొనును; కూడబెట్టిన పొటాసియము మట్టిపాలగును. ఏ రకము దీనిని తక్కువగా పోగొట్టుకొనునో అదియే ఉప్పునకు ఎక్కువ తాళును. మూడు దినముల బార్లీ మొలక వేరునకు ఉప్పునీరు తగిలించి, జారిపోవు పొటాసియమును కొలిచి రకములను ఎన్నుకొను పద్ధతి 2005లో ప్రకటింపబడినది. పంట చేతికి వచ్చువరకు ఆగనక్కరలేదు.