నైజాం, సీడెడ్ పేర్ల వెనుక ఉన్న మ్యాప్



కొత్త సినిమా విడుదలైతే చాలు, కలెక్షన్ల లెక్కల్లో నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని చదువుతుంటాం. ఇవి జిల్లాల పేర్లు కావు. రెండు వందల ఏళ్ల కిందటి రాజకీయ పటం నుంచి మిగిలిన పేర్లు. సోషల్ పాఠంలో మీ పిల్లలు బట్టీ పట్టే తేదీలకు అర్థం ఇక్కడి నుంచే చెప్పవచ్చు.

టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల తర్వాత 1792, 1799లలో నిజాంకు కొన్ని ప్రాంతాలు దక్కాయి. కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో ఆయన వాటిని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. సీడెడ్ అంటే అలా వదిలి ఇచ్చినవని అర్థం. తెలుగులో దత్త మండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభలో వాటికి రాయలసీమ అనే పేరు వచ్చింది. కోస్తాలోని ఉత్తర సర్కార్లను కంపెనీకి అప్పగించే ఒప్పందం 1766లోనే కుదిరింది. గుంటూరు మాత్రం 1788లో చేరింది. అలా తెలుగువారు దాదాపు 150 ఏళ్లు రెండు వేర్వేరు పాలనల్లో బతికారు. పన్నులు, బడులు, కచేరీ భాష వేరువేరు. ఇది తెలిస్తేనే 1953, 1956, 2014 మార్పులు ఎందుకొచ్చాయో పిల్లలు నిదానంగా ఆలోచించగలుగుతారు. లేకపోతే పెద్దల వాదనలు విని ఏదో ఒక పక్షం పట్టేస్తారు.

ఇంట్లో ఇలా చేయించండి:

1. అట్లాస్‌పై ట్రేసింగ్ పేపర్ ఉంచి గోదావరి, కృష్ణ, తుంగభద్ర నదులు గీయించండి.

2. రెండో కాగితంపై పైఠాన్, ధాన్యకటకం (అమరావతి), ఓరుగల్లు, హంపి, గోల్కొండ గుర్తించమనండి.

3. రెండూ ఒకదానిపై ఒకటి పెట్టి, "ఏ నగరం పెద్ద నది ఒడ్డున లేదు?" అని అడగండి.

పైఠాన్ గోదావరి పక్కన, ధాన్యకటకం కృష్ణ పక్కన, హంపి తుంగభద్ర పక్కన కనిపిస్తాయి. ఓరుగల్లు దగ్గర పిల్లలు ఆగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. కాకతీయుల కాలంలో తవ్వించిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను మ్యాప్‌లో వెతకనివ్వండి. నది లేని చోట రాజ్యం ఎలా నిలిచిందో వాళ్లే చెబుతారు.

ఒక్క జాగ్రత్త. పుస్తకాల్లో సామ్రాజ్యానికి గీసే సరిహద్దు గీత నేటి రాష్ట్ర సరిహద్దు లాంటిది కాదు. అంచుల్లో సామంతులుండేవారు. రాజు బలంగా ఉంటే కప్పం కట్టేవారు, బలహీనపడితే స్వతంత్రులయ్యేవారు. అందుకే ఆ అంచులను పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో, చుక్కల గీతగా వేయించండి.

ఆదివారం ఒక అరగంట చాలు. మ్యాప్ పాయింటింగ్ మార్కులు ఎలాగూ వస్తాయి. "ఇక్కడే ఎందుకు?" అని అడిగే అలవాటు కూడా దాంతోపాటే వస్తుంది.