మాజీ సైనికులు – నోటి, గొంతు క్యాన్సరు

కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, వేముల మండలములో తుమ్మలపల్లె యను గ్రామము కలదు. ఆ పేరు వినగానే శ్రోతలకు స్ఫురించునది యురేనియము గని. నేటి మా ప్రసంగము మాత్రము గనిని గూర్చినది కాదు. అట్టి పల్లెలకు సైన్యమున ఏండ్ల తరబడి కొలువు చేసి తిరిగివచ్చిన వారిని గూర్చినది. ఊరిలో వారిని "మిలిటరీ ఆయన" అని పిలుతురు. అట్టివారిలో ఒకరికి నాలుక అంచున చిన్న పుండు లేచినదనుకొందము. పన్ను గీచుకొన్నదని ఒక నెల, వేడి చేసినదని మరొక నెల గడచును. ఆ రెండు నెలలే ఒక్కొక్కప్పుడు ఆయుర్దాయమును నిర్ణయించును.

ఈ వ్యాధి సైనికులకే ఎందుకు? సైనికులకే కాదు, కాని వారి జీవితములో దానికి అనువైన పరిస్థితులు హెచ్చు. రాత్రి కాపలాలలో బీడీ, సిగరెట్టు తోడు. అమెరికా సైన్యము 1975 వరకు ఆహారపు పొట్లములలోనే సిగరెట్లను చేర్చి యిచ్చెడిది. మన మిలిటరీ క్యాంటీనులో రమ్ము చౌక. పొగాకు, మద్యము వేర్వేరుగా చేయు హానికన్న రెండును కలిసి నోటికి, గొంతుకు చేయు హాని చాల పెద్దది. వక్క ఒక్కటే నమలినను క్యాన్సరు రాగలదని ప్రపంచారోగ్య సంస్థకు చెందిన పరిశోధనా కేంద్రము 2004లో తేల్చినది. "మేము పొగాకు వేసుకొనము, వక్కపొడి మాత్రమే" అనువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

చికిత్స పొందినవారిలో కొందరు బ్రతుకుటకు, కొందరు బ్రతుకకుండుటకు మొదటి కారణము, వ్యాధి ఏ దశలో పట్టుబడినదన్నదే. మెడలోని గ్రంథులకు ప్రాకిన తరువాత ఆశ చాల తగ్గును. బొంబాయి టాటా స్మారక వైద్యశాలవారు 2015లో ప్రకటించిన పరీక్షలో, నోటి క్యాన్సరు తొలిదశలో ఉన్నప్పుడే మెడ గ్రంథులను కూడ తీసివేసినవారిలో మూడేండ్లకు నూటికి 80 మంది జీవించి యుండగా, గ్రంథులు ఉబ్బిన పిదపనే తీసినవారిలో 67.5 శాతమే మిగిలిరి. తిరువనంతపురము ప్రాంతమున ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, వెలుతురులో నోరు తెరిపించి చూచుటచేతనే, పొగాకు లేక మద్యము అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణములు మూడవ వంతు తగ్గినవని 2005లో వెల్లడి యైనది. దానికి పెద్ద యంత్రమేమియు అక్కరలేకపోయెను.

రెండవది కాలము. శస్త్రచికిత్స పిదప కిరణ చికిత్స అవసరమైనచో ఆరు వారములలోగా మొదలుపెట్టవలెను. దీనినే మన పల్లెలలో "కరెంటు పెట్టుట" అందురు. వారమునకు ఐదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును. నడుమ మానివేసిన ఒక్కొక్క దినమునకు గడ్డను అదుపు చేయగల అవకాశము సుమారు నూటికి ఒక పాలు చొప్పున తరుగునని వైద్యులు లెక్కగట్టినారు. వేరుసెనగ కోతలని, ఇంటిలో పెండ్లి యని వారము దినములు ఊరికి పోయివచ్చిన రోగి ఎంత పోగొట్టుకొనునో చూడుడు. గని ప్రక్కన ఉన్న ఊళ్ళలో కిరణములనగానే భయము సహజమే. యురేనియము గనులలో పుట్టు రేడాను వాయువు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణము కాగలదన్నది నిజము. అయితే వైద్యశాలలో కొలిచి, గురిపెట్టి, గడ్డపై ప్రసరింపజేయు కిరణముల సంగతి వేరు. బయటి యంత్రముతో ఆ చికిత్స పొంది యింటికి వచ్చిన రోగివలన భార్యాబిడ్డలకు ఏ కిరణమును సోకదు.

చికిత్స కాలమున పొగ మానకున్న మాట మరింత కఠినము. కెనడాలో 1993లో ప్రకటింపబడిన పరిశీలనలో, కిరణ చికిత్స పొందుచు పొగత్రాగినవారిలో రెండేండ్లకు నూటికి 39 మంది మిగులగా, మానినవారిలో 66 మంది మిగిలిరి. "వచ్చినది వచ్చినే, ఇంక మాని ఏమి లాభము?" అను ప్రశ్నకు ఇంతకన్న సూటి సమాధానము మాకు దొరకలేదు.

గొంతులో టాన్సిళ్ళ వద్ద, నాలుక మొదట వచ్చు క్యాన్సరులలో కొన్ని పాపిలోమా యను వైరసువలన కలుగును. అవి చికిత్సకు బాగుగా లొంగును. 2010 నాటి అమెరికా పరిశోధనలో అట్టి రోగులలో మూడేండ్లకు 82 శాతము జీవించి యుండగా, వైరసు లేనివారిలో 57 శాతమే ఉండిరి. మన ప్రాంతమున పొగాకువలన వచ్చునవే హెచ్చు గనుక ఆ భాగ్యము మనవారిలో కొందరికే.

ఇక తిండి. నోరు పూసి, మ్రింగుట కష్టమగుటచే రోగి చిక్కిపోవును. చిక్కినకొలది చికిత్సను తట్టుకొనలేడు. సంగటి ముద్ద దిగనప్పుడు పలుచని రాగిజావ, పాలు, గ్రుడ్డు, మెత్తగా రుబ్బిన పప్పన్నము ఇయ్యవలెను. అవియు దిగకున్న ముక్కుగొట్టము వేయుటకు సంకోచింపరాదు. గొట్టము వేసినంతనే మనిషి పని అయిపోయినదని బంధువులు కంటతడి పెట్టుట మేమెరుగుదుము, కాని అది ఆకలి తీర్చు దారి మాత్రమే. పుచ్చిన పండ్లను కిరణములకు ముందే తీయించవలెను. తరువాత తీయించిన దవడ యెముక కుళ్ళు ప్రమాదము కలదు. చక్కెర జబ్బు, గుండె జబ్బు ఉన్నచో వాటినిగూడ అదుపున ఉంచవలెను.

పింఛను పొందు మాజీ సైనికులకు, వారి భార్యలకు 2003 నుండి ప్రత్యేక ఆరోగ్య పథకమున్నది. సభ్యత్వపు కార్డుతో పాలీక్లినిక్కునకు పోయినచో వారు తగిన ఆసుపత్రికి పంపుదురు. కార్డు ఇంటి పెట్టెలో భద్రముగా ఉండి, మనిషి నాటువైద్యుని వద్ద కూర్చుండుట మాత్రము తగదు. మూడు వారములకు మానని పుండు, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, తగ్గని బొంగురు గొంతు, మెడలో నొప్పిలేని గడ్డ: వీనిలో ఏ ఒక్కటి కనబడినను మరునాడే బయలుదేరవలెను. చికిత్స ముగిసినవారు మొదటి రెండేండ్లు నెలనెలకో, రెండు నెలలకో వైద్యునికి చూపించుకొనవలెను. వ్యాధి తిరుగబెట్టుట సాధారణముగ ఆ రెండేండ్లలోనే.