పసివారి తొలి సైకిలు

సైకిలు నేర్చుకొనుటలో రెండు విద్యలున్నవి. ఒకటి తొక్కుట, రెండవది పడిపోకుండ నిలుచుట. తొక్కుట సులభము. మూడుచక్రాల బండి మీద మూడేండ్ల బిడ్డ కూడ కొద్దిపాటి సాధనతో దానిని పట్టుకొనును. కష్టమంతయు నిలుచుటలోనే ఉన్నది. మనలో పెక్కుమంది ఈ రెండు విద్యలను ఒకే బండి మీద, ఒకేసారి, వెనుక ఎవరో సీటు పట్టుకొని పరుగెత్తుచుండగా నేర్చుకొంటిమి. మోకాళ్ళ మీది మచ్చలు అందుకు సాక్ష్యములు.

నేడు మన పట్టణములలో ఆటవస్తువుల దుకాణములందు కనబడుచున్న బాలెన్స్ బైకు ఈ రెండు విద్యలను విడదీసినది. దానికి రెండు చక్రములు, ఒక సీటు, ఒక హ్యాండిలు కలవు. పెడళ్ళు లేవు, గొలుసు లేదు. బిడ్డ సీటు మీద కూర్చుండి పాదములతో నేలను తన్నుకొనుచు ముందుకు సాగును. "తొక్కుటకు ఏమియు లేని సైకిలుకు ఇంత ధరయా?" అని ఇంటి పెద్దలు ఆశ్చర్యపడుట సహజమే. కాని సైకిలు పుట్టినదే ఈ రూపములో. 1817వ సంవత్సరము జూన్ 12వ తేదీన జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను నాతడు తాను చేయించిన కొయ్యబండి నెక్కి, కాళ్ళతో నేలను తన్నుచు, పోను రాను కలిపి 12 కిలోమీటర్లకు మించిన దూరము ప్రయాణము చేసెను. దాని బరువు 20 కిలోలకు పైమాటే. అతడు దానిని పరుగు యంత్రమని పిలిచినాడు. ముందు చక్రమునకు పెడళ్ళు తగిలించిన బండ్లు పారిస్ నగరములో ప్రచారమునకు వచ్చినది 1860 తరువాతనే. అనగా పెద్దవారు కూడ నలువది ఏండ్లకు పైగా పెడళ్ళు లేకయే రెండు చక్రముల మీద తిరిగినారన్నమాట.

అంతదూరము పోనక్కరలేదు. గంటకింత అని అద్దె యిచ్చి పెద్దల సైకిలు తెచ్చుకొన్న మన ఊరి పిల్లలు ఏమి చేసెడివారు? మొదట ఎడమకాలు పెడలు మీద ఆనించి, కుడికాలితో నేలను తన్నుచు బండిని దొర్లించెడివారు. అది పడిపోక సాగుట అలవడిన తరువాతనే కడ్డీ క్రింది సందులో కాలు దూర్చి అర తొక్కుడు తొక్కెడివారు. ముందు నిలుకడ, పిమ్మట తొక్కుడు అను క్రమమును ఎవరును చెప్పకయే వారు కనుగొన్నారు.

ఇట్లయినచో ప్రక్కచక్రములు తగిలించిన చిన్న సైకిలు చాలదా అని అడుగవచ్చును. అరచేతిలో నిలువుగా కర్రను నిలబెట్టు బాలుని గమనింపుడు. కర్ర ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే చేయి జరుపును. సైకిలు సంగతియు అంతే. బండి ఎడమకు ఒరిగినచో హ్యాండిలు ఎడమకే కొంచెము తిరుగవలెను. అప్పుడు చక్రములు ఒరిగిన శరీరము క్రిందికి వచ్చి దానిని నిలుపును. తిరుగుచున్న చక్రము బొంగరమువలె బండిని నిలుపునని చాలమంది అనుకొందురు. ఆ ప్రభావమును పూర్తిగా తొలగించి చేసిన బండి కూడ దొర్లించినపుడు దానంతటది నిలువగలదని నెదర్లాండ్స్, అమెరికా దేశముల పరిశోధకులు 2011లో చేసి చూపినారు. ఇక ప్రక్కచక్రములు చేయు పని యేమనగా, బండిని ఒరుగనీయకుండుట. ఒరుగని బండి మీద ఒరుగుటను సరిదిద్దుకొను విద్య ఎట్లు అబ్బును? ఆ చక్రములు ఊడదీసిన నాడు బిడ్డకు సర్వము మొదటికి వచ్చును. పైగా అంతవరకు లేని భయము పట్టుకొనును.

ఈ కారణముననే ఒక హెచ్చరిక. ఏడాది బిడ్డలకని చెప్పి, వెనుక రెండు, ముందు రెండు చక్రములు జతలుగా బిగించిన బుల్లి బండ్లను కూడ ఇదే పేరుతో అమ్ముచున్నారు. ఆటకు అవి మంచివే. నిలుకడ మాత్రము నేర్పలేవు.

బండి ఎంచుకొనునప్పుడు చూడవలసిన వానిలో సీటు ఎత్తు అన్నిటికంటె ముఖ్యము. మనకు బిడ్డల వస్తువులు ఒక సైజు పెద్దవి కొను అలవాటున్నది. పండుగ చొక్కా అట్లు కొన్నచో మడచి కుట్టించవచ్చును. ఈ బండి విషయమున ఆ పొదుపు పనికిరాదు. పాదములు రెండును పూర్తిగా నేలకు ఆనినప్పుడే బిడ్డకు ధైర్యము. మునివ్రేళ్ళు మాత్రమే అందు సీటు మీద బిడ్డ ఒకటి రెండుసార్లు పడి, ఆ తరువాత బండి పేరు చెప్పిన ఏడ్చును. దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలో కొలత తీసికొనవలెను. బూట్లు తొడిగి బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ళ నడుమ ఒక గట్టి అట్ట పుస్తకమును పైకంటా ఉంచి, నేల నుండి పుస్తకపు పై అంచు వరకు కొలువవలెను. ఆ కొలత కంటె సీటు 2, 3 సెంటీమీటర్లు తక్కువగా ఉండవలెను. కొలత 34 సెంటీమీటర్లయినచో సీటు 31 లేక 32 వరకు దిగగలగవలెను. బిడ్డ ఎదుగుదలను గూర్చిన ఆలోచన సీటు ఎంత ఎత్తు వరకు లేచునో చూచుటలో చూపవలెను గాని, నేటి ఎత్తులో కాదు.

తరువాతిది బరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారము రెండేండ్లు నిండిన మగబిడ్డ మధ్యమ బరువు 12.2 కిలోలు, ఆడబిడ్డకు 11.5 కిలోలు. 3 కిలోల బండి అయినను ఆ శరీరములో నాలుగవ వంతు. 5 కిలోల బండి ఇచ్చుట, 60 కిలోల మనిషి చేతికి 25 కిలోల సైకిలు ఇచ్చుట వంటిది. అదియును గాక, పార్కునకు పోవునప్పుడు బండిని బిడ్డ నడుపును. తిరిగి వచ్చునప్పుడు తండ్రి మోయును.

టైర్లు రెండు తీరులు. నురుగు రబ్బరు వంటి పదార్థముతో చేసినవి తేలిక. తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నను భయము లేదు. కాని తడిసిన నున్నని రాతిపలకల మీద జారును. గాలి టైర్లు బరువైనను మట్టిబాట మీద, కంకర మీద కుదుపు తగ్గించును. ఇంటి వసారా, అపార్టుమెంటు ఆవరణ వరకే వాడువారికి మొదటివి చాలును. ఊరి వీధిలో తిప్పువారికి రెండవవి మేలు. గట్టి ప్లాస్టిక్కు చక్రములు మాత్రము వద్దు.

ఇనుము, అల్యూమినియము, కొయ్య వీనిలో ఏదైనను సరే. కోస్తా తేమలో కొయ్యబండిని వానకు వదలరాదు. బోల్టుల చివరలు మూసి ఉన్నవో లేదో, హ్యాండిలు పిడుల కొనలు గుండ్రముగా లావుగా ఉన్నవో లేదో తడవి చూడవలెను. చేతి బ్రేకు రెండేండ్ల బిడ్డ పిడికిలికి అందదు, పాదములే బ్రేకులు. 14 ఏండ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తును భారత ప్రభుత్వము 2021 జనవరి 1 నుండి తప్పనిసరి చేసినది. ఆ గుర్తును వెదకుట మరువరాదు.

పాదములే బ్రేకులన్న మాటలో ఒక ప్రమాదము దాగి ఉన్నది. పల్లమున బండి వేగమందుకొన్నచో ఆ చిన్న పాదములు ఆపలేవు. అపార్టుమెంటు క్రింది అంతస్తునకు కార్లు దిగు వాలు, గేటు ముందరి ఏటవాలు, మేడ మెట్ల సమీపము, ఇవి దీనికి తగిన చోట్లు కావు. వెనుకకు నడుపుచున్న కారు డ్రైవరునకు అంత పొట్టి బండి కంటబడదు. బూట్లు, హెల్మెటు మొదటి దినము నుండియే ఉండవలెను. హెల్మెటు కనుబొమలకు రెండు వ్రేళ్ళ పైన నిలిచి, తల ఊపినను కదలరాదు. గడ్డము క్రింద ఒక వ్రేలు దూరునంత సందు చాలును. బండి దిగి జారుడుబల్ల వైపు పరుగెత్తు బిడ్డకు మాత్రము ముందుగా హెల్మెటు తీసివేయవలెను. ఎక్కు కడ్డీల నడుమ అది ఇరుక్కొన్నచో, దాని పట్టీయే మెడకు ఉరియగును.

నేర్పుటలో పెద్దలు చేయవలసినది బహు స్వల్పము. హ్యాండిలు పట్టుకొనరాదు, వెనుక నుండి నెట్టరాదు. మొదట కొన్ని దినములు బిడ్డ సీటుపై కూర్చుండకయే బండిని కాళ్ళ నడుమ ఉంచుకొని నడుచును. పిదప కూర్చుండును, పిదప అంగలు వేయును. ఒకనాడు రెండు పాదములు ఎత్తి నాలుగైదు మీటర్లు జారిపోవును. ఒక బిడ్డకు ఇది వారములలో, మరియొకరికి నెలలలో జరుగును. అట్లు జారుచు మలుపు తిరుగగలిగిన బిడ్డకు పెడళ్ళ సైకిలు ఇచ్చినప్పుడు ప్రక్కచక్రముల అవసరము ఉండదు.

బిడ్డకు నాలుగేండ్లు దాటి, ఇంటిలో చిన్న సైకిలు ఉన్నవారు క్రొత్త బండి కొననక్కరలేదు. సీటును అడుగంటా దించి, ప్రక్కచక్రములను, పెడళ్ళను తీసివేసిన చాలును. కుడి పెడలు మామూలు మరవలెనే అపసవ్యముగా త్రిప్పిన వదలును. ఎడమ పెడలు మర తలక్రిందులు కనుక దానిని సవ్యముగా త్రిప్పవలెను. ఇది తెలియక బలముగా త్రిప్పినచో మర చెడును. సైకిలు షాపు వానికి ఇది చిటికెలో పని. తీసిన పెడళ్ళ మీద ఎడమ, కుడి అని గుర్తు పెట్టి దాచవలెను. కొద్ది నెలలలోనే వాని అవసరము కలుగును.