గాలి బరువు - గోల్ఫ్ గడియారపు లెక్క

మన భాషలో తేలికదనానికి గాలియే ఉపమానం. ఆధారం లేని వార్తను గాలికబురు అంటాము. ఎవరూ పట్టించుకొనని పనిని గాలికి వదిలినారు అంటాము. కాని ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల తరగతి గదిలోని గాలిని త్రాసులో వేయగలిగితే అది రెండు క్వింటాళ్ళకు పైగా తూగుతుంది. ఈ బరువు అన్ని ఊళ్ళలోను, అన్ని ఋతువులలోను ఒకే తీరుగా ఉండదు. ఆ హెచ్చుతగ్గులను ముంజేతి గడియారమే లెక్కగట్టి చెప్పే కాలం వచ్చింది. ఆ లెక్క ఎట్లా సాగుతుందో, ఎక్కడ తప్పుతుందో విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు బోధించే మేము ఈ విషయం జోలికి పోవడానికి కారకుడు మా పూర్వ విద్యార్థి ఒకడు. నిర్మల్ పరిసరాల యువకులనేకుల వలెనే అతడును చదువు ముగించి గల్ఫ్ దేశానికి వెళ్ళినాడు. అక్కడ సముద్రతీరాన ఒక గోల్ఫ్ మైదానంలో మొదట పచ్చికకు నీరు పెట్టే పని దొరికింది. పిమ్మట ఆటగాని సంచి మోస్తూ, గుంత ఎంత దూరమున్నదో చెప్పే క్యాడీ పని దొరికింది. సెలవుపై వచ్చినప్పుడు అతడు తన చేతి గడియారం విప్పి మా ముందుంచి ఇట్లా అడిగినాడు: "సార్, మా కాడ గుట్ట లేదు, గడ్డ లేదు. పక్కకే సముద్రం. మరి ఒక్క జాగల నిలబడితే ఈ గడియారం చలికాలం ఒక లెక్క, ఎండకాలం ఒక లెక్క ఎందుకు చెప్తది? తేమ గాలి బరువు ఉంటది, బంతి ముందుకు పోదు అని మావోళ్ళు అంటరు. అది నిజమేనా? దూరం తప్పు చెప్తే మాట నాకొస్తది."

ఆ చివరి మాట మమ్ము ఆలోచింపజేసింది. ఆటగానికి అది వినోదమైనా మా విద్యార్థికి అది జీవనోపాధి. భౌతికశాస్త్ర ఉపన్యాసక మిత్రుల సహాయంతో అతనికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ క్రమపరచి వ్రాస్తున్నాము.

ముందుగా ఆటను గురించి రెండు మాటలు. మన రాష్ట్రంలో గోల్ఫ్ ఆడే చోటు చూడదలచినవారు గోల్కొండ కోట నయా ఖిలా ఆవరణకు వెళ్ళవచ్చు. చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టి, కొన్ని వందల గజాల దూరాన ఉన్న గుంతలోనికి వీలైనన్ని తక్కువ దెబ్బలలో చేర్చడమే ఈ ఆట. ఆటగాడు 14 కర్రలకు మించకుండా వెంట తెచ్చుకొనవచ్చు. ఒక్కొక్క కర్ర ఒక్కొక్క దూరానికి తగినది. ఒక కర్రకు, దాని తరువాతి కర్రకు దూరంలో తేడా సుమారు 10 నుండి 15 గజాలు. కావున దూరపు లెక్కలో 8 గజాలు తప్పితే చేతికి వచ్చే కర్రయే మారిపోవచ్చు.

గాలిలో పోయే గుండును గురించి నిర్మల్‌వాసులకు చెప్పవలసిన పని లేదు. మన ఊరి చుట్టూ కోటలు, బురుజులు నేటికీ నిలిచి ఉన్నవి. నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన ఊరని నిర్మల్‌కు పేరున్నది. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకును, గోల్ఫ్ బంతి ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకును మూలం ఒక్కటే. గెలీలియో చెప్పిన పరావలయ మార్గం గాలి లేని చోటికి మాత్రమే సరిపోతుంది. వేగంగా పోయే గుండును గాలి ఎంత బలంగా అడ్డగిస్తుందో ప్రయోగపూర్వకంగా కొలిచి చూపినవాడు ఇంగ్లండు దేశస్థుడైన బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన ఆయన గ్రంథం ఫిరంగి శాస్త్రాన్నే మార్చివేసింది. తిరుగుతూ పోయే గుండు ఒక ప్రక్కకు ఒరుగుతుందని గమనించినవాడును ఆయనయే. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోటల పని చూడడానికి మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు సమీపాన సెయింట్ డేవిడ్ కోటలో ఆయన కన్నుమూసినాడు.

రాబిన్స్ గమనించిన ఆ రెండు బలాలే గోల్ఫ్ బంతిని నడిపిస్తున్నవి. మొదటిది నిరోధం. అది బంతిని వెనుకకు లాగుతుంది. రెండవది ఉత్థాపనం. కర్ర తగిలినప్పుడు బంతి వెనుకకు గిర్రున తిరుగుతూ పోతుంది గదా, ఆ భ్రమణం వలన గాలి బంతిని పైకెత్తుతుంది. బంతిపై కనిపించే వందలాది చిన్న గుంటలు నిరోధాన్ని తగ్గించి ఉత్థాపనాన్ని పెంచుతవి. గుంటలు లేని నున్నని బంతి సుమారు సగం దూరమే పోతుంది.

ఈ రెండు బలాలును గాలి సాంద్రతను బట్టి ఉంటవి. సాంద్రత అనగా ఒక ఘనపు మీటరు గాలి ఎంత బరువున్నదన్నది. గాలి పలుచబడితే వెనుకకు లాగే బలం తగ్గుతుంది, దానితోపాటు పైకెత్తే బలమూ తగ్గుతుంది. ఒకటి లాభం, ఒకటి నష్టం. అందువలన సాంద్రత తగ్గినంతగా దూరం పెరగదు. అమెరికాలోని డెన్వర్ నగరం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి నూటికి 15 వంతులు పలుచన. బంతి మాత్రం నూటికి సుమారు 6 వంతులే అధికంగా పోతుంది.

ఇప్పుడు మన ఊరి లెక్క చూద్దాము. వాయుపీడనాన్ని పాస్కల్‌లలో తీసికొని, దానిని 287 తోను, కెల్విన్‌లలోని ఉష్ణోగ్రతతోను భాగిస్తే పొడి గాలి సాంద్రత వస్తుంది. నిర్మల్ సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నది. జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 12 డిగ్రీలు, పీడనం 976 మిల్లీబారులు అనుకొందాము. ఘనపు మీటరు గాలి 1.19 కిలోలు తూగుతుంది. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 43 డిగ్రీలు, పీడనం 963 మిల్లీబారులు అనుకొంటే అదే గాలి 1.06 కిలోలే తూగుతుంది. తేడా నూటికి 11 వంతులు. సముద్రతీరం నుండి సుమారు 1,200 మీటర్ల కొండ ఎక్కితే గాలి ఎంత పలుచబడుతుందో, నిర్మల్‌లో మనం కదలకుండా కూర్చున్నా జనవరి నుండి మే వచ్చేసరికి అంత పలుచబడుతున్నదన్న మాట. చలికాలంలో 200 గజాలు పోయిన బంతి ఎండాకాలంలో, కొట్టిన దెబ్బ మారకున్నను, సుమారు 8 గజాలు అధికంగా పోతుంది.

మా విద్యార్థి మొదటి ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉన్నది. గల్ఫ్ తీరాన గుట్టలు లేకపోవచ్చు. కాని అక్కడి చలికాలపు ఉదయానికి, వేసవి మధ్యాహ్నానికి మధ్య మన ఊరివంటి తేడాయే ఉన్నది. గడియారం ఎత్తును అడుగుతున్నదంటే సాంద్రతను తెలిసికొనడానికే. ఎత్తు దానికి ఒక దారి, ఎండ మరొక దారి.

రెండవ ప్రశ్న తేమను గూర్చినది. తడిసిన బట్ట బరువు గనుక తడి గాలియు బరువే అని అందరును అనుకొంటారు. శాస్త్రం దీనికి విరుద్ధంగా ఉన్నది. నీటి అణుభారం 18. గాలిలో అధికభాగమైన నత్రజనిది 28, ప్రాణవాయువుది 32. నీటి ఆవిరి గాలిలో చేరినప్పుడు అది ఈ బరువైన అణువుల చోటును ఆక్రమిస్తుంది. కావున తేమ గాలి పొడి గాలి కంటె తేలిక. అయితే ఈ ప్రభావం స్వల్పం. 35 డిగ్రీల ఉష్ణోగ్రతలో గాలి పూర్తిగా తేమతో నిండినను సాంద్రత నూటికి రెండు వంతులే తగ్గుతుంది. బంతి దూరంలో అది ఒకటి రెండు గజాలకు మించదు. మరి తోటివారి అనుభవం అబద్ధమా? కాదు. తేమ ఎక్కువగా ఉన్న ఉదయాలలో పచ్చిక మంచుతో తడిసి ఉంటుంది, నేలపై పడిన బంతి దొర్లదు. ఉదయపు చల్లదనం వలన గాలి చిక్కబడి ఉంటుంది. చల్లబడిన బంతికి ఎగురుడు శక్తియు తగ్గుతుంది. వారు చూచిన ఫలితం నిజం, చెప్పిన కారణం పొరపాటు.

ఇక గడియారం పని తీరు. ఉపగ్రహాల సంకేతాలను బట్టి అది తానున్న స్థలాన్ని గుర్తిస్తుంది. తనలో దాచి ఉంచిన మైదానపు పటంతో పోల్చి గుంత ఉన్న పచ్చిక వరకు గల దూరాన్ని చెబుతుంది. ఇది మొదటి మెట్టు. రెండవ మెట్టులో పచ్చిక మనకంటె ఎత్తున ఉన్నదా, పల్లాన ఉన్నదా అని చూస్తుంది. బంతి ఏటవాలుగా దిగుతుంది గనుక పచ్చిక పది గజాలు ఎత్తున ఉంటే దూరానికి ఇంచుమించు పది గజాలు కలుపవలసి వస్తుంది. మూడవ మెట్టులో పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలివాటం లెక్కలోనికి వస్తవి. కొన్ని గడియారాలలో చిన్న భారమితియే అమర్చి ఉంటుంది. తక్కిన వివరాలు వాతావరణ కేంద్రాల నుండి చరవాణి ద్వారా అందుతవి. ఈ మూడు మెట్లు దాటిన తరువాత, కొలతకు 150 గజాలున్న చోట ఆటకు 143 గజాలుగా భావించి కొట్టుమని గడియారం సూచిస్తుంది.

ఈ లెక్కలో పొరపాటు జరిగే చోట్లు మూడు ఉన్నవి. వాతావరణ ప్రకటనలలో చెప్పే పీడనం సాధారణంగా సముద్రమట్టానికి మార్చి చెప్పినది. మే నెలలో ప్రకటనలో 1,003 మిల్లీబారులు అని ఉన్న రోజున నిర్మల్‌లో నిజంగా ఉండే పీడనం 963 దరిదాపు. ప్రకటనలోని అంకెనే తీసికొంటే సాంద్రత నూటికి నాలుగు వంతులు తప్పుతుంది. సముద్రపు ఒడ్డున ఈ పొరపాటు కనబడదు, ఎత్తుకు పోయినకొలది పెరుగుతుంది.

రెండవది పోలిక. ఒక ఆటగాడు తన కర్రల దూరాలను గోల్కొండలోనే కొలుచుకొన్నాడనుకొందాము. అక్కడి పలుచని గాలి ఫలితం ఆ అంకెలలో ముందే కలిసి ఉన్నది. గడియారం సముద్రమట్టాన్ని ఆధారంగా తీసికొని మరల సవరిస్తే ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించినట్లు అవుతుంది. దేనితో పోల్చి సవరిస్తున్నదో తెలియక సవరణను నమ్మరాదు.

మూడవది గాలివాటం. వాతావరణ కేంద్రాలు నేలకు పది మీటర్ల ఎత్తున గాలిని కొలుస్తవి. చక్కగా కొట్టిన బంతి 25, 30 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. నడుమ చెట్ల వరుస ఉంటే క్రింద ఒక గాలి, పైన ఒక గాలి. పైగా ఎదురుగాలి చేసే నష్టం, వెనుకగాలి చేసే మేలు కంటె ఎక్కువ. ఇక్కడ గడియారం కంటె చెట్ల కొసలను చూచే కన్నే మేలు.

మా విద్యార్థికి మేము మరొక సంగతి హెచ్చరించినాము. 2019 జనవరిలో అమలులోనికి వచ్చిన గోల్ఫ్ నియమావళిలో 4.3వ నియమం ఈ పరికరాలను గురించినది. పరికరంతో దూరం కొలువవచ్చు. ఉష్ణోగ్రత, తేమ తెలిసికొనవచ్చు. కాని ఎత్తుపల్లాల తేడా కొలువరాదు, మైదానంలో గాలి వేగం కొలువరాదు, ఏ కర్ర వాడవలెనో పరికరంతో చెప్పించుకొనరాదు. కావున పోటీలలో ఈ సవరణల అమరికను ఆపివేయవలెను. మొదటి ఉల్లంఘనకు దెబ్బల లెక్కను పాటించే పోటీలో రెండు దెబ్బల శిక్ష, రెండవ దానికి పోటీ నుండి తొలగింపు. క్యాడీ చేసిన తప్పు ఆటగానికే చుట్టుకొంటుంది. కొలత యంత్రం చేయవచ్చును గాని విచక్షణ మనిషిదే కావలెనని ఈ నియమం అభిప్రాయం. అట్టి పోటీలో గడియారం మూగబోయినప్పుడు ఆటగాడు క్యాడీ వంక చూస్తాడు. ఆనాడు గాలిని గురించి తెలిసినవాని మాట నిలుస్తుంది.

ఇదంతా విని అతడు కాగితం మీద తన మైదానపు చలికాలపు లెక్కను, వేసవి లెక్కను తానే వేసికొన్నాడు. తరగతిలో చివరి బల్లపై కూర్చుండి లెక్కలంటే భయపడిన పిల్లవాడే అతడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి. ప్రయోగశాలలోని భారమితి సంవత్సరానికి ఒకసారి, పరీక్షనాడు మాత్రమే చూడదగినది కాదు. దానిప్రక్క ఒక ఉష్ణమాపకం, ఒక దస్త్రం ఉంచి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి విద్యార్థులు వంతులవారీగా అంకెలు వ్రాసే ఏర్పాటు చేస్తే చాలును. ఏడాది తిరిగేసరికి నిర్మల్ గాలి బరువు పన్నెండు నెలలలో ఎట్లా మారినదో మన పిల్లలు స్వయంగా తెలిసికొంటారు. పైన మేము అనుకొని తీసికొన్న అంకెలు ఎంతవరకు సరియైనవో కూడ అప్పుడు వారే తేల్చి, వచ్చే సంచికలో మమ్ము సరిదిద్దగలరు.